సూత్రధారుడు మారిన కథ

గడచిన మాసము ఈ శీర్షికయందు పట్టుచీరలను పెట్టెలలో భద్రపరచు విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఆ వ్యాసము వ్రాయుచుండగా, మా పెట్టె యడుగున నొకప్పుడు దొరకిన వస్తువు మరల జ్ఞప్తికి వచ్చి మా మనసును కలచినది. దాని సంగతి యీ మాసము చెప్పవలెనని కూర్చుంటిమి. అయితే అది చెప్పుటకు ముందు ఒక టెలివిజన్ కథను గూర్చియు, దానిని నడపిన యిద్దరు సూత్రధారులను గూర్చియు కొంత చెప్పక తప్పదు. ఏలయన, ఆ వస్తువునకు మేము చెల్లించిన వెల యెంతయో మాకు తెలిపినది ఆ కథయే.

మా హవేలిఘనపూర్‌లో రాత్రి భోజనములై, వంటయిల్లు కడిగి, పిల్లలు పండుకొన్న పిమ్మట మాకొక గంట మిగులును. ఆ గంటలో మావారు బడిపిల్లల పుస్తకములు దిద్దుదురు. మేము చిన్ననాట తాతగారి యొద్ద చదువుకొన్న భారతమునో భాగవతమునో తెరతుము. 2022 దసరా సెలవులకు హైదరాబాదు నుండి వచ్చిన మా మేనకోడలు, "అత్తా, దినాము ఆ ద్రౌపది కథనే చదువుతవు గదా, ఇది గూడ సూడు" అని తన ఫోనున 'ఢిల్లీ క్రైమ్' అను ధారావాహికను చూపినది. భాష హిందీ, మెదకు సీమవారికి హిందుస్తానీ క్రొత్తది కాదు గనుక అర్థమగుటకు కష్టము లేకపోయెను. పోలీసు కథలు చూచుట ఇల్లాండ్రకు తగునా యని ముక్కుపై వ్రేలు వేసికొను సోదరీమణులు కీచకవధ చదువుకొన్నవారే గదా! అందున్నదియు నేరమే, విచారణయే, దండనయే.

నాటకమునందు సూత్రధారుడనువాడు నాందియైన వెంటనే వచ్చి, నటిని పిలిచి, ఆడబోవు కథను సభవారి కెఱిగించి తెరచాటునకు పోవును. పిమ్మట మనకు కనబడడు గాని నాటకమంతయు వాని చేతిలోనే యుండును. ఈ కాలపు ధారావాహికలకు అట్టివానిని షోరన్నర్ అని పిలుచుచున్నారు. కథ యే దారిని పోవలెను, దేనిని కన్నులకు చూపవలెను, దేనిని మాటలతోనే సరిపుచ్చవలెను, ఎచట నిలువవలెను, ఎచట పరుగెత్తవలెను అను నిర్ణయములన్నియు వానివే. ఒక్కొక్క భాగమునకు దర్శకుడొక్కొక్కడు రావచ్చును, వ్రాయువారు పలువురుండవచ్చును. వంటయింటిలో కూరగాయలు తరుగువారు, నీరు తెచ్చువారు ఎందరున్నను పులుసు రుచి మాత్రము ఉప్పు వేసిన చేతిది. అట్టి చేయి నడుమ మారినచో ఏమగును? పాత్రలు వారే, నటులు వారే, ఊరదియే; అయినను రుచి మారును. ఆ మార్పు ఎట్టిదో, అందు మంచి యెంతయో, చెడు గెంతయో విచారించుటయే నేటి మా ప్రయత్నము.

ఒకే కథ చేతులు మారుట తెలుగువారికి క్రొత్త కాదు. మన మొదటి మహాకావ్యమే యట్టిది. 11వ శతాబ్దమున రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు భారతమును తెనిగింప బూని, ఆదిసభాపర్వములను ముగించి, అరణ్యపర్వమున నాలుగవ ఆశ్వాసము నడుమ నిలిచిపోయెను. 13వ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధి యాస్థానమునందలి తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలు కడదాక పదునైదు పర్వములు రచించెను. నడుమ మిగిలిన అరణ్యపర్వశేషమును 14వ శతాబ్దమున ప్రోలయవేమారెడ్డి ఆస్థానకవియగు ఎఱ్ఱన పూరించెను.

వెనుక వచ్చిన యీ యిద్దరు నడచిన త్రోవలు వేరు. ఎఱ్ఱన తన్ను తాను మఱుగుపఱచుకొనెను. తాను వ్రాసిన భాగమును నన్నయయే వ్రాసినట్లు రాజరాజనరేంద్రునికే యంకితముగా నడిపెను. ఆరంభమున నన్నయ పోకడను పట్టుకొని, పోను పోను తిక్కన పోకడకు దగ్గరయై, రెండు గట్టులకు నడుమ వంతెన కట్టెనని పెద్దలందురు. తిక్కన యట్లు చేయలేదు. తన కావ్యమును హరిహరనాథునికి అంకితమిచ్చి, తేట తెలుగునకు పీట వేసి, పాత్రల మాటలలోనే వారి మనసులు తెలియునట్లు నాటకము వలె నడపెను. కథ వ్యాసునిదే, ఒక్క సంఘటననైనను తన యిచ్చ వచ్చినట్లు తలక్రిందులు చేయలేదు. శైలి మాత్రము తనది.

ద్రౌపదినే చూడుడు. సభాపర్వమున ఆమె నిండుసభలో నిలిచి, తన్ను తానోడిన ధర్మరాజునకు తన్నొడ్డు నధికారము గలదా యని న్యాయము నడుగును. అక్షరరమ్యత గల నన్నయ కవిత్వమున ఆ ప్రశ్న ఆలయఘంట వలె మ్రోగును. విరాటపర్వమున ఆ ద్రౌపదియే సైరంధ్రియై, కొలువున మొఱపెట్టుకొన్నను న్యాయము దొరకక, నడిరేయి వంటశాలలోనున్న భీముని లేపును. తిక్కన చేతిలో ఆమె నిట్టూర్పు, తడబాటు, కోపము, తెలివి అన్నియు మన ప్రక్కింటి యాడుపడుచువే యనిపించును. స్వభావము చెడలేదు, చూపు కోణము మారినది. సూత్రధారుడు మారుటలోని మేలిరకమునకు ఇది మొదటి కొలతబద్ద యని మా నమ్మకము.

ఇక ఢిల్లీ కథకు వత్తము. దాని మొదటి భాగము 2019 మార్చి మాసమున నెట్‌ఫ్లిక్స్‌లో వెలువడినది. ప్రకరణములు ఏడు. కల్పించినవాడును, నడపినవాడును కెనడావాసియగు రిచీ మెహతా. 2012 డిసెంబరు 16వ తేదీ రాత్రి ఢిల్లీలో కదలుచున్న బస్సునందు ఒక విద్యార్థినిపై జరిగిన ఘోరము మనమెవ్వరమును మఱవలేదు. ఆ నేరము చేసినవారిని పోలీసువారు వెదకి పట్టుకొనిన కొలదిదినములే కథ. షెఫాలీ షా ధరించిన వర్తికా చతుర్వేది యను పోలీసు అధికారిణి దానికి నాయిక. 2020లో ఇది అంతర్జాతీయ ఎమ్మీ పురస్కారములలో ఉత్తమ ధారావాహికగా నెన్నికైనది. మన దేశపు ధారావాహిక కా గౌరవము దక్కుట అదియే మొదలు.

రిచీ మెహతా చేసిన మొదటి మంచిపని యేమనగా, ఆ ఘోరమును తెరపై చూపకపోవుట. వైద్యుల మాటలలో, వినుచున్నవారి ముఖములలో, దోషి యొక్క జంకులేని వాఙ్మూలములో అది మనకు తెలియును. కంటితో చూచినచో తల త్రిప్పుకొందుము. చెవితో విన్నందున త్రిప్పుకొనుటకు చోటు లేదు. రెండవది, నేరస్థులకు అతడు గొప్పతనము నీయలేదు. వారు రాక్షసులు గారు, మాయావులు గారు. దారిన పోవు సామాన్యులు. అందుకే భయము కలిగినది. మూడవది, దర్యాప్తును దర్యాప్తు వలెనే చూపెను: నిద్రలేని కానిస్టేబుళ్ళు, చాలని సాధనములు, ఒక్కొక్క సాక్ష్యమును గింజ గింజగా ఏరుకొనుట. మా మెదకు సీమలోని కొలిచారమునకు చెందిన మల్లినాథసూరి, తన వ్యాఖ్యలలో మూలము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ప్రతిన పట్టెను. మొదటి భాగము చూచుచున్నంతసేపు మాకు ఆ వ్యాఖ్యాతయే స్మరణకు వచ్చెను.

ఇచట మా లోపము నొకటి ఒప్పుకొందుము. ఆ భాగము వెలువడిన 2019లోనే, నవంబరు చివరను, మన శంషాబాదు చేరువ నొక పశువైద్యురాలిపై ఘోరము జరిగినది. డిసెంబరు 6వ తేదీ తెల్లవారుజామున నిందితులు నలుగురును చటాన్‌పల్లి యొద్ద పోలీసు కాల్పులలో మరణించిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. మేమును ఇంట దీపము పెట్టి, పీడ విరగడయైనదని సంతోషించితిమి. 2022 మే మాసమున సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికి వచ్చెను; ఆ కాల్పులు చంపవలెనను నుద్దేశముతోనే జరిగినవని అందు తేల్చిరి. ఆ కొలది నెలలకే మేము 'ఢిల్లీ క్రైమ్' చూచుట తటస్థించినది. ఒక్కొక్క సాక్ష్యమును జతపఱచి నేరస్థులను న్యాయస్థానమునకు అప్పగించుటకై వర్తికా పడిన శ్రమ చూచి, విచారణ లేనిదే తీర్పు పలుకుట యెంత సులభమో, విచారించుట యెంత కష్టమో గ్రహించితిమి. ఢిల్లీ దోషులలో నలుగురికి న్యాయస్థానములన్నియు దాటిన పిదప 2020 మార్చి 20వ తేదీన శిక్ష అమలు జరిగినది. ఆలస్యమైనది నిజమే; కాని వారే దోషులని ఋజువైనది.

రెండవ భాగము 2022 ఆగస్టు 26వ తేదీన వచ్చెను. ప్రకరణములు ఐదు. కర్తగా రిచీ మెహతా పేరు నిలిచియున్నను, పగ్గములు మాత్రము తనుజ్ చోప్రా చేతికి వచ్చినవి. వర్తికా ఆమెయే, ఆమె వెంటనుండు భూపేంద్రుడు, నీతీసింగు వారే. అయినను మొదటి ప్రకరణము ముగియక మునుపే చేయి మారినదని మాకు తోచెను.

ఎట్లు తోచినదనగా: మొదటి భాగమునకు దేశమెఱిగిన యొక్క నేరము మూలము. దీనికి ఢిల్లీ పోలీసు కమిషనరుగా పనిచేసిన నీరజ్ కుమార్ గ్రంథమునందలి యొక ప్రకరణము ఆధారము గాని, దానిపై కల్పన యెక్కువ. అందువలన కథలో మలుపులు పెరిగినవి. దక్షిణ ఢిల్లీలోని సంపన్నుల యిండ్లలో వృద్ధదంపతులు హతులగుదురు. మొదటి భాగమున మాటలతో తెలిపిన క్రౌర్యమును ఇచట రక్తముతో చూపిరి. నడక వేగమైనది, పట్టుకొందురా లేదా యను నాతురత పెరిగినది. అంతకంటె ముఖ్యమైనది, నేరమునకొక ముఖమేర్పడినది. తిలోత్తమా శోమ్ ధరించిన స్త్రీ పాత్ర, సౌందర్యశాలలో పనిచేయుచు పైకి రావలెనను కాంక్షతో దారి తప్పినది, నాయికకు సరిజోడుగా నిలుచును. 2025 నవంబరున వెలువడిన మూడవ భాగమును కూడ తనుజ్ చోప్రాయే నడపెను. అందు స్త్రీశిశువుల నమ్ముకొను ముఠాకు హుమా ఖురేషీ నాయకురాలు. రెండుమార్లు చూచిన పిదప ఈ చేతివాటము స్పష్టమైనది. రిచీ మెహతా కథలో నాయికకు ఎదురు నిలిచినది నగరమంతయు. తనుజ్ చోప్రా కథలో నాయికకు ఎదురు నిలిచినది మరియొక స్త్రీ. మొదటిది విచారణ, రెండవది ద్వంద్వయుద్ధము.

చేయి వెంటనే శైలి పోవునని తెలిసికొనుటకు మరియొక నిదర్శనము గలదు. రిచీ మెహతా 2024 ఫిబ్రవరిలో కేరళారణ్యములలో ఏనుగుదంతముల కొఱకు జరుగు వేటను గూర్చి 'పోచర్' అను ధారావాహిక చేసెను. నగరము పోయి అడవి వచ్చినది, హిందీ పోయి మలయాళము వచ్చినది. అయినను అదే ఓపిక, అదే సాక్ష్యముల పొందిక, ఉద్యోగధర్మమునకును ఇంటికిని నడుమ నలిగిపోవు అధికారుల అదే అలసట. చెట్టు పెఱటిలో నాటినను పొలమున నాటినను కాయ రుచి మారనట్లు, అతడెచట నున్నను ఆ రుచి యతనిదే.

దీనికి సరిగా ఎదురైన సంగతి మన తెలుగు టీవీలో జరిగినది. 2001 నుండి 2007 దాక జెమిని టీవీలో వచ్చిన 'అమృతం' మీరందఱు చూచి నవ్వినదే. అందు అమృతరావు వేషమును మొదట శివాజీరాజా, పిదప నరేష్, ఆ పిదప హర్షవర్ధన్ ధరించిరి. ఎపిసోడ్లకు దర్శకులును పలువురు. అయినను నిర్మాత గుణ్ణం గంగరాజు మొదట నెలకొల్పిన హాస్యపు పోకడ తప్పలేదు గనుక, ముఖము మారినదని రెండు వారములు గొణిగి మూడవ వారము నవ్వితిమి. అచట వేషధారి మారెను, సూత్రము నిలిచెను. ఢిల్లీ కథలో వేషధారులు నిలిచిరి, సూత్రము మారెను. ఏ మార్పు లోతైనదో మీరే చెప్పగలరు.

దేశాంతరమున నిట్టిదే మరియొకటి. అమెరికావారి 'ట్రూ డిటెక్టివ్' అను అపరాధపరిశోధన ధారావాహికకు 2014లో నిక్ పిజొలాటో ఆద్యుడు. మొదటి కథ లూసియానా తేమనేలలలో ఇద్దరు పురుష పరిశోధకులను గూర్చినది. 2024లో వచ్చిన నాలుగవ కథను మెక్సికో దేశస్థురాలగు ఇసా లోపెజ్ నడపినది. ఆమె కథను అలాస్కా మంచులోనికి, దినముల తరబడి సూర్యుడు కానరాని చీకటిలోనికి తీసికొనిపోయి, ఇద్దరు స్త్రీలను పరిశోధకులుగా నిలిపినది. పాతవారిలో కొందఱు మెచ్చలేదు, క్రొత్తవారు పలువురు మెచ్చిరి. అందు ముఖ్యపాత్ర ధరించిన జోడీ ఫాస్టర్‌కు ఆ యేటనే ఎమ్మీ పురస్కారము వచ్చినది. అత్తగారి వంటయిల్లు కోడలి చేతికి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదియు మొదట పెదవి విఱచుట మన మెఱుగనిదా? ఆ పెదవి విఱుపులో కొంత న్యాయమును, కొంత అలవాటును ఉండును. వేరు చేసి చూడవలెను.

సోదరీమణులారా, రెండవ భాగము రక్తపాతమును మేము మెచ్చలేదు. అయినను మొదటి చేయి మాకు నేర్పని పాఠమొకటి ఆ రెండవ చేయి నేర్పినది. ఆ పెట్టె యడుగున దొరకిన వస్తువు సంగతి యిప్పుడు చెప్పెదము.

మా యత్తగారు మా పెండ్లినాడిచ్చిన వెండి కుంకుమభరిణె యొకటి మా దేవుని గూటిలో నుండెడిది. 2022 ఉగాదికి ఇల్లు దులుపుకొనుచుండగా అది కానరాలేదు. ఆ ముందటిదినము మధ్యాహ్నము, పూసలు, సూదులు, పిన్నీసులు గంపలో పెట్టుకొని ఊరూర తిరిగి యమ్ముకొను స్త్రీ మా వాకిటికి వచ్చియుండెను. ఏండ్ల తరబడి నెలకొకసారి వచ్చునది. మా అరుగుపై కూర్చుండి మజ్జిగ త్రాగి పోవునది. మేము మఱియొకరిని తలపనైనను లేదు. "ఆమె కాక ఇంకెవరు?" అని వాడలోని వారందఱితో చెప్పితిమి. మరుసటి నెల ఆమె వచ్చినప్పుడు గడపలో నిలిచి గట్టిగా నడిగితిమి. ఆమె గంప దించి, "అమ్మా, పూసలమ్ముకొని బతికేదాన్ని. ఇన్నేండ్లల్ల నీ గడప దాటి ఎన్నడన్న లోపటికి వచ్చిన్నా?" అనినది. నిజమే, ఎన్నడును రాలేదు. కాని మేము వినుటకు నిలువలేదు. వాడవారు ఇటు రావద్దనిరి. ఆమె గంప నెత్తికెత్తుకొని పోయినది, మరల రాలేదు.

శ్రావణమాసమున వరలక్ష్మీవ్రతమునకు పట్టుచీర తీయబోగా మడతలో నుండి భరిణె జాఱిపడినది. ఫాల్గుణమున సిద్దిపేటలో నొక పెండ్లికి పోయినప్పుడు మేమే దానిని చీరకొంగున చుట్టి తీసికొనిపోయి, వచ్చిన వెంటనే చీరతో కూడ పెట్టెలో పెట్టి మఱచితిమి. మావారు కోపపడలేదు. "కలము పోయినదని యేడ్చుచు వచ్చిన పిల్లవానితో, తోటివాని పేరు చెప్పుటకు ముందు నీ సంచి వెదకుమందును" అని మాత్రమనిరి. ఆ మాట కోపము కంటె నెక్కువగా తగిలినది. అయినను ఆ దినము భరిణె దొరకినదను సంతోషముతో వ్రతము చేసికొని, వాయినములిచ్చి, ఆ సంగతి వాడలో నెవ్వరికిని చెప్పక యూరకుంటిమి.

ఆ పిమ్మట దసరాకు చూచితిమి రెండవ భాగము. హత్యలు జరిగిన తీరు ఒకప్పటి దొంగలముఠా తీరును పోలియున్నదని, ఆ విద్యలో ఆరితేఱినవాడనబడు నొక విశ్రాంత పోలీసు అధికారిని పిలిపింతురు. అతడు కొన్ని కులములవారు పుట్టుకతోనే దొంగలనును. పోలీసులు గుడిసెలలో నున్న మగవారిని గుంపుగా పట్టితెత్తురు. పిదప తేలినదేమనగా, చంపినవారు వేఱు. ఆ ముఠా వేషమును అనుకరించిరి. అది చూచుచుండగా మేము ఫోను వంక చూడలేకపోతిమి. "ఆమె కాక ఇంకెవరు" అను మా మాట ఆ యధికారి నోట వినబడినట్లయ్యెను.

ఆ భావము ఆకాశము నుండి ఊడిపడినది కాదు. ఆంగ్లేయ ప్రభుత్వమువారు 1871లో చేసిన నేరస్థజాతుల చట్టము కొన్ని జాతులవారిని పుట్టుకతోనే నేరస్థులుగా వ్రాయించి, పోలీసు ఠాణాలో హాజరు చెప్పుకొనునట్లు చేసెను. 1911 చట్టముతో అది మద్రాసు రాజధానికిని వచ్చెను. బాపట్ల చేరువనున్న స్టువర్టుపురము అట్టివారి కొఱకు ఏర్పడిన వాడయే. స్వతంత్రము వచ్చిన పిదప 1952 ఆగస్టు 31వ తేదీన ఆ చట్టము రద్దయ్యెను. నాటి నుండి వారిని విముక్తజాతులనుచున్నారు. మా పూసలమ్ముకొను స్త్రీ ఆ పట్టికలోని జాతికి చెందినదో కాదో మేమడిగియు నెఱుగము. అడగకయే ఆమెను పట్టికలో వ్రాసితిమి. చట్టము పోయి డెబ్బది యేండ్లైనను మా నాలుక మీది నుండి పోలేదు.

రిచీ మెహతా ఓపిక యీ పాఠమును నేర్పలేకపోయెనేమి? అతడు నిజముగా దోషులైనవారిని వెదకుటను చూపెను. అందుచేత పోలీసుల కష్టము తెలిసినది. తనుజ్ చోప్రా దోషులు కానివారిని పట్టుటను చూపెను. అందుచేత పోలీసులతో కూడ మన దోషమును తెలిసినది. సూత్రధారుడు మారుట వలన లాభమిదియే. పాతచేయి చూడని మూల నొకదానిని క్రొత్తచేయి చూచును.

అయితే అతని లోపమును చెప్పక విడువము. అసలు హంతకుల జాడ తెలిసినంతనే కథ వారి వెంట పరుగెత్తినది. ఊరక పట్టి తెచ్చిన నిర్దోషుల గతి యేమైనదో, వారి గుడిసెలలో పొయ్యి వెలిగినదో లేదో తెలిసికొనుటకు నిలువలేదు. మొదటి చేతికే ఆ ఘట్టము చిక్కియుండినచో, ఒక ప్రకరణమంతయు ఆ గుడిసెల యొద్దనే గడపెడివాడేమో యని తోచినది. ఇట్లు తప్పు పట్టుచుండగానే మాకు సిగ్గు కలిగెను. మేము చేసినదియు అదియే గదా! వస్తువు దొరకగానే వ్రతమునకు పరుగెత్తితిమి, మనిషిని వెదకలేదు.

దసరా వెళ్ళిన మరునాడు వాడలో ఇల్లిల్లు తిరిగి, భరిణె మా పెట్టెలోనే దొరకినదనియు, తప్పు మాదేననియు చెప్పితిమి. కొందఱు "పోనిండమ్మా" అనిరి; ఒక ముసలమ్మ మాత్రము, "నాకు చెప్పితే ఏమొస్తది? ఆమెకు చెప్పాలె గని" అనినది. శివరాత్రికి ఏడుపాయల జాతరలో పూసలమ్ముకొనువారు వరుసగా కూర్చుందురు. అచటికి పోయి విచారించితిమి. ఆమె యిప్పుడు కామారెడ్డి వైపు తిరుగుచున్నదని ఆమె వారొకరు చెప్పిరి. కబురు పంపితిమి. ఇంతవఱకు రాలేదు.

కావున సోదరీమణులారా, మీరు మెచ్చిన కథ మరియొకరి చేతికి పోయినప్పుడు వెంటనే విడిచిపెట్టకుడు, వెంటనే నెత్తికెత్తుకొనకుడు. మూడు ప్రశ్నలు వేసికొనుడు. పాత్రల స్వభావము చెడినదా, లేక చూపు కోణము మాత్రమే మారినదా? క్రొత్తగా చూపినది పాతవారు చూడనిదా, లేక జనమును పట్టి యుంచుటకు పెంచిన కారమా? మొదలుపెట్టిన బాధను కడదాక మోసినదా, నడుమ దించినదా? మొదటి రెంటికిని తనుజ్ చోప్రా సగము మార్కులకు పైగా తెచ్చుకొనెనని మావారి లెక్క. మూడవదానికి మేము తక్కువ వేసితిమి. ఈ ధారావాహికలు పిల్లల యెదుట చూడదగినవి కావని వేఱుగ చెప్ప నక్కఱలేదు.

తుదకొక్క మనవి. కామారెడ్డి వైపున నుండి ఈ పుటలు చదువు సోదరీమణులుందురు. నడివయసు దాటి, నుదుట పచ్చబొట్టు గలిగి, పూసల గంపతో మీ వాకిటికి వచ్చు స్త్రీని చూచినచో ఆమెకు మజ్జిగ ఇండు. హవేలిఘనపూర్ బడిపంతులుగారి యింటి యరుగు ఆమె కొఱకు ఖాళీగానే యున్నదనియు, భరిణె పెట్టెలోనే దొరకినదనియు, ఆ మాట చెప్పవలసినవారు చేతులు జోడించుకొని యున్నారనియు తెలుపుడు. వచ్చే మాసము మరల కలిసికొందము.